మేక పేరు

స్కాట్లండ్ ఉత్తరపు కొసన, రేవు పక్క చర్చిలో
వెనక గది. హీటరు ముసలాడిలా దగ్గుతుంది.
పదకొండు మంది పిల్లలు, తడి బూట్లు,
మూత విరిగిన టీ కూజాలో
వారం వారం పడే చిల్లర.

"ఇంకా ఎంతయితే మేక వస్తుంది?"
ప్రతి ఆదివారమూ ఫిన్లే అడిగేవాడు,
సంతలో బేరగాడిలా.
కేకులమ్మి, కార్లు కడిగి,
ఊడిన పన్నుకి దిండు కింద దొరికిన పౌను కూడా తెచ్చి
ఈస్టరు నాటికి కొనేశాం,
మలావీలో ఎనెలెస్ అనే ఆవిడ ఇంటికి.

గోడ మీది పటంలో మలావీ
నా చిటికెన వేలంత.
పక్కనే పిల్లలు గీసిన మేక:
నీలం గంట, ఎర్ర స్వెటరు,
మా ఊరి వానకి తడవకుండా గొడుగు.
పేరుకి ఓట్లు వేశాం. బిస్కెట్ గెలిచింది.

ఎంత తేలిగ్గా చెప్పానో నేను కూడా.
మేక, పాలు, మేకపిల్లలు, బడి.
బోర్డు మీద బాణాలు గీశాను.
అన్నీ పైకే.

నవంబరులో ఉత్తరం వచ్చింది.
వానల్లేవు. మేకను అమ్మాను.
తియాంజనే పరీక్ష ఫీజు కట్టాను.
మీ మేలు మరచిపోను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు.
తర్వాత ఐలీ ఏడ్చింది.
"బిస్కెట్ మనది కదా,
అడక్కుండా ఎలా అమ్ముతుంది?" అన్నాడు కాలమ్.
ఫిన్లే డబ్బు వెనక్కి రావాలన్నాడు.
నేను బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు
పేజీలు తిప్పాను.

అప్పుడు మోర్వెన్,
ఏడాది మొత్తమ్మీద నాలుగు మాటలాడని పిల్ల,
బూటు లేసు ముడి విప్పుకుంటూ అంది:
"మా నాన్న పడవ అమ్మేశాడు.
దానికీ పేరుంది.
కొన్నాయన అది గీకేసి వేరే పేరు రాసుకున్నాడు.
నాన్న ఎవర్నీ అడగలేదు.
ఆ రాత్రి మాకు చేపలూ చిప్సూ తెచ్చి
తను తినలేదు."

హీటరు దగ్గి, ఆగిపోయింది.
పడవ సంగతి ఊరంతటికీ తెలుసు.
ఆ వారం వాళ్ళింటికి సూపు పంపించి
గిన్నె కోసమైనా గుమ్మం తొక్కలేదు నేను.

ఐలీ ముక్కు తుడుచుకుంది.
"పరీక్ష ఎందులో?"
ఉత్తరం మళ్ళీ చదివాం. అందులో లేదు.
"అడుగుదాం," అంది మోర్వెన్.

ఆ రోజు రాసిన జవాబులో
మేక ఊసు లేదు.
పరీక్ష ఎందులో,
తనకీ భిన్నాలంటే భయమేనా,
వాన పడిందా.
అన్నిటికీ కింద, పెన్సిలుతో,
ఎవరి చేతిరాతో నేను అడగలేదు:
మా పడవ పేరు జెస్సీ మే.