పధ్నాలుగో టేపు

లైబ్రరీ కింది గదిలో, మంచు కిటికీ సగానికి ఎక్కాక,
నా కాలి కింద పెడలు.
నొక్కితే గతం నడుస్తుంది, వదిలితే నిలబడుతుంది.
గంటకింతని జీతం.
విన్నది విన్నట్టు రాయాలి, అదొక్కటే నియమం.
దగ్గుని దగ్గు అని. నవ్వుని నవ్వు అని.
గోడగడియారం చప్పుడుని ఏమని రాయాలో
ఎవరూ చెప్పలేదు.

వెర్నా టోలెఫ్స్‌రూడ్, రిటైరైన లైబ్రేరియన్,
ఎనభై మూడులో రికార్డరు చంకన పెట్టుకుని
ఈ మైదానమంతా ఇంటింటికీ తిరిగింది.
అందరినీ ఒకటే అడిగింది:
"ప్రెసిడెంటు క్వామె గారు ఎలాంటి మనిషి?"

ఆయన్ని నేనూ రోజూ చూస్తాను, మెస్సుకి పోయే దారిలో,
నూనెరంగుల్లో, బైబిలు మీద చెయ్యి,
మంచు ఊడ్చే చీపుళ్ళలా రెండు కనుబొమలు.
లూథరన్ కాలేజీకి పదిహేడేళ్ళు పెద్ద.
బొమ్మ కింద ఇత్తడి పలక. పలక మీద ఏళ్ళు.

గ్రీకు చెప్పిన మాస్టారు: "ఆయన ప్రార్థన మొదలెడితే
సూపు చల్లారిపోయేది."
వంటామె, వేరే టేపులో, వేరే ఊళ్ళో:
"ఆ సూపు నాదే. రెండుసార్లు కాచేదాన్ని."

బాయిలరు దగ్గర పనిచేసిన ఎల్మర్ క్రౌట్‌క్రేమర్
మనిషి సంగతి వదిలేసి బొగ్గు లెక్క చెప్పాడు.
"యాభై ఆరు, జనవరి. పన్నెండు రోజుల బొగ్గుంది.
పాత బాకీ తీరిస్తే గానీ కొత్త వ్యాగను రాదు.
రాత్రి రెండింటికి మెట్లు దిగొచ్చాడు పెద్దాయన.
బూట్లు విప్పి, తడి మేజోళ్ళు పైపు మీద ఆరేశాడు.
ఎన్నాళ్ళొస్తుంది? అన్నాడు. పన్నెండు, అన్నాను.
సరే, అన్నాడు. అవి ఆరేదాకా కూర్చున్నాడు, అంతే.
పదకొండో రోజు వ్యాగను వచ్చింది.
వాళ్ళింట్లో పియానో ఉండే చోట
గోడ ఇంకా తెల్లగా ఉందని మా ఆవిడ చూసొచ్చింది."

శతవార్షిక సంచికలో దీనికి ఒకే వాక్యం:
'దైవకృప వలన ఆ శీతకాలము గడచినది.'
కృపకి ఎనభై ఎనిమిది మెట్లుంటాయని
నాకు ఇవాళే తెలిసింది.

పధ్నాలుగోది బోర్గిల్డ్ నెస్‌హైమ్‌ది.
మొదట ఆయన గది బయట, తర్వాత వచ్చినవాళ్ళ గది బయట
మొత్తం ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపు కొట్టిన మనిషి.
సాసర్లో కప్పు ఆనిన చప్పుడు. గడియారం మూడు కొట్టింది.
"డాన్సు కూడదు అప్పట్లో, తెలుసుగా.
ఊళ్ళో హాలుకెళ్ళి ఆడిన పిల్లల్ని ఇంటికి పంపేసేవారు.
ఆ ఉత్తరాలు ఆయన చెప్పేవాడు, కళ్ళు మూసుకుని.
నేను కొట్టేదాన్ని. ఒక ఉత్తరం మాత్రం..."

"వెర్నా, దాన్ని కట్టెయ్."

టక్.
టక్.

"అదే అంటున్నా, ప్రెసిడెంటు గారు చాలా మంచి మనిషి."
వెంటనే, ఆమె వెనక, గడియారం ఐదు.

వెనక్కి వెళ్ళి ఎల్మర్ టేపు మళ్ళీ పెట్టాను.
మొదటిసారి నిద్రలో తోలుకుపోయిన చోటు:
"చలికాలం క్యాంపసులో వెచ్చటి నేల మాదొక్కటే.
రేడియో ఉండేది. పేర్లు అడక్కు.
టైపు కొట్టి కొట్టి వేళ్ళు కొంకర్లు పోయాయని
ఒకావిడ వచ్చేది, కాచుకోడానికి.
వేళ్ళే కాచుకునేది అని నేనన్నానా?"
(నవ్వు)
"పెద్దాయన దిగేటప్పుడు మాత్రం
పై మెట్టు మీంచే దగ్గేవాడు. జలుబు లేని దగ్గు.
రేడియో కట్టేసి, ఆవిడ బొగ్గుగది తలుపులోంచి
బయటపడేంత సేపు.
ఎన్నేళ్ళో దగ్గాడు."

దగ్గుని దగ్గు అనే రాయాలి. రాశాను.

ఆ రెండు టక్కుల మధ్య ఏం రాయను, అని అడిగాను.
మేడమ్ తలెత్తకుండానే అంది: ఖాళీ ఉంటే గీత పెట్టు, చాలు.
గీత పెట్టాను.
కొంచెం పొడుగ్గా వచ్చింది.