సున్నాని ఎలా చూపించాలి

డండీలో నవంబరు. నాలుగింటికే చీకటి.
లైబ్రరీ మూడో అంతస్తులో, రేడియేటర్ పక్కన నా కుర్చీ.
ఆరు నెలల కాంట్రాక్టు. ఒకటే పని:
ఎవరి పేరు కొడితే వాళ్ళ వ్యాసాలనీ,
వాటిని ఎక్కడెక్కడ ఎవరెవరు ఉటంకించారో ఆ లెక్కనీ
ఏరుకొచ్చి ఒక పేజీలో పెట్టాలి.
"మా అమ్మ కూడా వాడగలిగేట్టు ఉండాలి,"
అంది ఐల్సా గెడెస్, ఇక్కడి అలమరాలన్నీ చీకట్లో కూడా తెలిసిన మనిషి.
వాళ్ళమ్మ రాసిన వ్యాసాలెన్నని నేనడగలేదు.

మొదటిసారి పద్నాలుగు గడులు పెట్టాను.
ఫెర్గస్ ముంగాల్‌ని కూర్చోబెట్టి వెనక నిలబడ్డాను.
రాళ్ళకి పట్టే లైకెన్లని నలభై ఏళ్ళు చూసినవాడు
మూడో గడి దగ్గర మౌస్ వదిలేసి
టే నది మీద రైలు వంతెన దాటేదాకా కిటికీలోంచి చూశాడు.
ఏమీ అనలేదు.
ఆ రాత్రి పదకొండు గడులు పీకేశాను.

మిగిలిన మూడింట్లో రెండు:
మొదటి పేరు. చివరి పేరు.
అక్కడ పట్టుకుంది నన్ను కొల్లిపర సత్యవేణి,
పక్క బ్లాకులో జనపనార పీచు మీద పనిచేసే ఆమె.
"మా ఇంటిపేరు ముందుంటుంది కదండీ,
పోయి చివర కూర్చోమంటే ఎలా?"
తెలుగులో అడిగింది కాబట్టి తప్పించుకోలేకపోయాను.
సూచికల్లో ఆమె నలుగురు.
కొల్లిపర ఎస్., సత్యవేణి కె., ఎస్.వి. కొల్లిపర,
ఒక్క చోట మాత్రం, ఎవరు విరగ్గొట్టారో, సత్య వేణి,
వేణి వారింటి ఆడపడుచులా.
ఒకరికి పంతొమ్మిది, ఒకరికి ఆరు, ఒకరికి రెండు.
వేణి వారి పిల్లకి సున్నా.

వారం పట్టింది ఆ చిక్కు విడదీయడానికి.
ఈ ఊరి నారమిల్లుల్లో ఒకప్పుడు ఆడవాళ్ళు
యంత్రం ఆపకుండానే తెగిన పోగుని ముడేసేవాళ్ళట.
ఐల్సా చెబుతూ గాల్లో ముడేసి చూపించింది,
వాళ్ళ నాయనమ్మ వేళ్ళు అరువు తెచ్చుకున్నట్టు.
నాకంత నేర్పు లేదు. యంత్రాన్ని ఆపి
"ఇది మీరేనా?" అని అడిగించాను.
అవును. కాదు. గుర్తులేదు.
మూడోది కమిటీకి నచ్చలేదు.
జనం ఎక్కువగా నొక్కింది దాన్నే.

ఇక సున్నా.
డీన్ ఎర్రరంగు అడిగాడు, కంట్లో పడాలని.
గీత పెట్టి చూశాను, ఎవరినో కొట్టేసినట్టుంది.
ఖాళీగా వదిలితే పేజీ చెడిందని ఫోన్లు చేశారు.
ఫెర్గస్‌కి తొమ్మిది సున్నాలున్నాయి.
సమాధిరాళ్ళ మీద ఒక బూడిదరంగు మచ్చ
ఏడాదికి అర మిల్లీమీటరు జరుగుతుందని
పదిహేడేళ్ళు కొలిచి రాసినదానికీ అదే.
తెరని దగ్గరగా చూసి, "తొందరేముంది," అన్నాడు.

చివరికి మామూలు అంకె, మామూలు నలుపు,
పక్కన చిన్న అక్షరాల్లో: నేటి వరకు.

సత్యవేణి నాలుగుసార్లు అవును నొక్కింది.
ఇరవై ఏడు. దాని వంక చూడనైనా లేదు.
"వీళ్ళంతా ఎవరండీ?" అంటూ ఒక్కొక్కటే తెరిచింది.
ఖుల్నాలో ఎవరో, ఒక అడుగుసూచికలో
ఆమె పేరు మొత్తం రాశారు, ఇంటిపేరుతో మొదలెట్టి.
నా గడిలో అది సగమే పట్టి, "సత్య" దగ్గర తెగింది.
రేపు వెడల్పు చేయాలి.