సంతకం సరిపోలలేదు

వెర్లా చేతిలో పెన్ను నిలవదు.
అందుకని ఫారం నేను నింపుతున్నాను,
ఆవిడ వంటింటి బల్ల మీద, హీటరు ఒకటో నంబరు మీదే పెట్టి.
బయట విల్లాపా ఖాతం మీద వాన,
ఎవరో కట్టడం మరిచిన కుళాయిలా.

పదమూడో ప్రశ్న: ఎన్ని పౌండ్ల బరువు ఎత్తగలరు?
"పాల డబ్బా అని రాయి. నిండుది కాదు, సగం తాగింది."
పాల డబ్బాకు గడి లేదు.
పది లోపు అన్న గడిలో టిక్కు పెట్టాను.
పద్నాలుగు: ఎంతసేపు నిలబడగలరు?
"రోజంతా నిలబడతాను.
కాళ్ల సంగతి ఎవడిక్కావాలి?
చేతుల సంగతి అడగమను."
చేతుల సంగతి ఇరవై రెండో ప్రశ్న దాకా రాదు.
వచ్చాక, రెండు గీతల చోటు.

రెండు గీతల్లో ఏం పట్టిస్తాను?
ఇరవై తొమ్మిదేళ్లు చన్నీళ్లలో నానిన వేళ్లు.
ఆల్చిప్ప కీలు దగ్గర కత్తిమొన దూర్చి
మణికట్టు ఒక్క తిప్పు.
గ్యాలనుకి ఇంతని కూలి.
గ్లవ్సు లోపల గ్లవ్సు, దాని లోపల చలి.
ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టడానికి
పొద్దున్నే ఏడున్నరకి నన్ను పిలుస్తుంది,
మా రెండిళ్ల మధ్య గోడని మోచేత్తో కొట్టి.

అన్నేళ్లూ చేతిలో చిప్పే.
చేతికి చిప్ప మాత్రం రాలేదు.
కత్తి కింద పెట్టిన ఏడాదికి వచ్చింది.
ఇది నేను ఫారంలో రాయలేదు.

ఆఖరి పేజీ. సంతకం దరఖాస్తుదారే చెయ్యాలి.
పెన్నుకి గుడ్డ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి
పిడికిట్లో ఇరికించాను.
నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాసింది
స్టెన్స్‌రుడ్ అని,
బురదలో పీత నడిచినట్టు.

పంతొమ్మిది రోజులకు ఉత్తరం:
మీ సంతకం మా రికార్డులోని సంతకంతో సరిపోలలేదు.

రికార్డులోది ఎప్పటిదమ్మా, అన్నాను కౌంటరు అద్దానికి ఇవతల.
అవతల పాతికేళ్ల పిల్ల, బ్యాడ్జి మీద మరిసెల్ అని ఉంది.
తెర ఇటు తిప్పకూడదట. తిప్పింది.
పద్దెనిమిదేళ్ల కిందటి వెర్లా:
మొదటి అక్షరం రెక్క విప్పి,
చివరి అక్షరం కింద ఒక విసురు గీత,
గాలానికి చేప తగిలినప్పటి దారంలా.
వెర్లా అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.
"అబ్బో, డాబుసరి మనిషే," అంది.
తర్వాత,
"ఆ చెయ్యి ఉంటే మీ గుమ్మం ఎక్కేదాన్నా?"

మరిసెల్ లేచి మేనేజరుని తీసుకొచ్చింది.
మేనేజరు ఇంకో ఫారం తీసుకొచ్చాడు:
సంతకం మారినందుకు వివరణ.
దాని కిందా సంతకం.

చివరికి, ఇంటూ గుర్తు చాలన్నారు, ఇద్దరు సాక్షులుంటే.
ఒకణ్ణి నేను.
రెండోవాడు వరసలో అరవై ఒకటో నంబరు చీటీ మనిషి,
ముక్కులో ఆక్సిజన్ గొట్టం, చంకలో తన సొంత ఫైలు.
"నా వంతొస్తే పిలవండి," అని కేకేసి వచ్చి సంతకం చేశాడు,
పేరు కూడా అడగకుండా.
బళ్లో తప్పు లెక్కకు కొట్టే గుర్తు
ఆ మధ్యాహ్నం ఆవిడ పేరయింది.

డిసెంబరు మూడున కార్డులో డబ్బు పడింది.
అద్దెలో సగం కూడా రాదు.
రేపు పెద్ద పింఛను వస్తే ఇది తిరిగి కట్టాలట.
మే నెలలో మళ్లీ డాక్టరు చూస్తాడట,
వేళ్లు చిగురించాయేమోనని.

కరెంటు బిల్లు కట్టింది. హీటరు రెండో నంబరుకి తిప్పింది.
పాత బట్టల కొట్లో నాలుగు డాలర్లకి
గుండీలు లేని చొక్కా ఒకటి కొంది, ఆకుపచ్చది,
తల మీంచి దూర్చుకునేది.

అప్పట్నుంచి గోడ చప్పుడు లేదు.
నాకు మాత్రం ఏడున్నరకే మెలకువ వస్తుంది.
కాసేపు వింటూ కూర్చుంటాను.