కొసరు

గేటు కాడ పిల్లోడు అడిగినాడు,
"తాతా, ఐడీ కార్డు ఉండాదా?"
లేదు.
కుడిచేతి బొటనవేలు చూపించినా.
ముప్పై అయిదేండ్ల కత్తెరకు కాయ కాసిన చోటు
ఇంకా గట్టిగానే ఉంది.
వానికి అర్థం కాలే.
పుస్తకం ముందుకు తోసినాడు.
పేరు మద్దిలేటి, ఊరు కోడుమూరు.
వచ్చిన పని అనే గడిలో
ఏం రాయాల్నో తెలీక గీత గీసినా.

ఇల్లూరి వారి మూడంతస్తుల అంగడి.
పూలబజారు మలుపులో
పెండ్లి బట్టల నుంచి ట్రంకుపెట్టెల దాకా,
ఉయ్యాల గొలుసుల నుంచి చలువ అద్దాల దాకా,
"లోపలికొస్తే ఇంకో గడప తొక్కే పని లేదు" అని
శెట్టి గోడ మీద రాయించిన అంగడి.
ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళది.
ఆ రాత మీద సున్నం కొట్టి
"అందరికీ స్వాగతం" అని రాసినారు.
అక్షరాలు పెద్దవి. గేటు చిన్నది.

చీరలు పరిచే తెల్ల పరుపుల చోట
పిల్లలు నేల మీదే కూచోని
గ్రూప్ టూకు చదువుతాండారు.
గిన్నెల అర కాడ ఒక లాయరమ్మ
గూడూరు ముసలామెకు
పాసుపుస్తకంలో తప్పుపడిన సర్వే నంబరు చూపిస్తాంది.
ఆమె ఒకప్పుడు నా కాడ రవికె గుడ్డ కొనిందేమో.
మొగం గుర్తు రాలే,
బేరమాడే గొంతు మాత్రం అదే.

తలెత్తితే
తీగ ఉంది!
బిల్లూ డబ్బూ చెక్కడబ్బాలో పెట్టి తాడు లాగితే
అందరి నెత్తుల మీదుగా కిర్రుమంటా
గల్లాపెట్టె కాడికి పరుగెత్తే తీగ.
చిల్లర తిరిగొచ్చేదాకా
పిల్లలు నోరు తెరుచుకోని చూసేవాళ్ళు,
తల్లులు ఆ సందులోనే ఇంకో తానుమీద చెయ్యేసేవాళ్ళు.
శెట్టి తెలివంతా ఆ తాడు పొడుగులో ఉండేది.
ఇప్పుడు దానికి ఎవరో
కాయితం దీపాలు కట్టినారు.
డబ్బా లేదు.

మూడో స్తంభం మీద వరద గీత,
నా నెత్తికి పైన జానెడు.
రెండువేల తొమ్మిది అక్టోబరులో
తుంగభద్ర మా మెట్లెక్కి వచ్చి
ఒక్క రూపాయి ఇయ్యకుండా
కింది అంతస్తంతా కట్టుకోని పోయింది.
బురదలోంచి పట్టుచీరలు లాగి
నేనూ ఖాదర్‌బీ పదకొండు దినాలు ఉతికినాం.
రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగినాయి.
శెట్టి కొడుకు ఒకటే మాట అన్నాడు:
"చాలు, మద్దిలేటీ."
ఆ చాలు ఏండ్ల తరబడి తాళమై వేలాడింది.
సున్నం కొట్టేవాళ్ళు గీతను కూడా చెరపబోతే
చదువుకునే పాపొకతె అడ్డం నిలబడిందంట.
ఆ పాపను చూద్దామనుకుంటి.
ఈ వారం రాలేదంట.

నా బల్ల ఉంది, కిటికీ కాడ.
టేకు బల్ల, మీద కంప్యూటర్లు,
అంచు పొడుగునా ఇత్తడి మేకులు.
ఆస్పరి పిల్లోడొకడు
మేకు మీద వేలు తిప్పుతా అడిగినాడు,
"ఇవి ఎందుకు తాతా?"

మేకుకూ మేకుకూ నడుమ జానెడు నాయినా,
నాలుగు జానలైతే గజం.
మీటరొచ్చినాక ఎవురూ వాటిని చూడలే.
నేను చూస్తా ఉంటి.
కొలిచినాక, కత్తెర పెట్టేముందు,
ఆఖరి మేకు దాటి బెత్తెడు జరపల్ల.
దాన్ని కొసరంటారు.
శెట్టి లెక్కలో కనపడదు,
బడి నిక్కరు కుట్టేవానికి కనపడతాది.
పిల్లోడు ఎదిగినప్పుడు మడత విప్పుకుంటారు.

వాడు నవ్వలే.
తన ప్యాంటు కింది మడత వంగి చూసుకున్నాడు.

తొమ్మిదైంది.
గేటు పిల్లోడు తాళంచెవులు ఆడిస్తా వచ్చినాడు.
"టైమైపాయ, లేయండి లేయండి."
ఎవురూ లేయలే.
ఆస్పరోడు ఇంకా పేజీ నడుమనే ఉన్నాడు.
నా నోరు ఊరుకోలే:
"తొమ్మిదనేది కొలతప్పా.
కొలత అయినాక గదా కొసరు."

వాడు నా దిక్కు చూసె,
గడియారం దిక్కు చూసె.
మెట్ల కాడ లైటు ఆపినాడు,
పైన ఫ్యాన్లన్నీ ఆపినాడు.
బల్ల కాడికొచ్చి
స్విచ్చి మీద చెయ్యి పెట్టి
అట్లే నిలబడినాడు.