గోడ మందం

ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని:
అహ్మదీ రిఫైనరీలో పైపు గోడ ఇంకెంత మిగిలిందో చెప్పడం.
జెల్ పూసి ప్రోబ్ ఆనిస్తాను.
ఇనుములోకి వెళ్లిన శబ్దం తిరిగొచ్చేలోగా
తొమ్మిది మిల్లీమీటర్లు, ఏడు, ఆరున్నర.
అక్కడ పసుపు చాక్‌తో సున్నా చుడతాను.

ఇవాళ ఫహాహీల్ క్లినిక్‌లో
బనీను పైకి లాక్కుని నేనే పడుకున్నాను.
కిడ్నీలో రాయేమోనని.
మారిసెల్ అనే ఫిలిప్పీనో అమ్మాయి
చల్లగా ఉంటుంది సార్, అంది.
నేనింతవరకు ఏ పైపుకీ ఆ మాట చెప్పలేదు.

రాయి లేదు.
ప్రోబ్ బొడ్డుకి పైన ఆగింది,
వెనక్కెళ్లింది, మళ్లీ అక్కడే ఆగింది.
ఆ ఆగడం నాకు తెలుసు.
కొలత నమ్మబుద్ధి కానప్పుడు
నా చెయ్యీ అట్లాగే ఆగుతుంది.

నాలుగు పాయింట్ ఏడు సెంటీమీటర్లు.
రెండుండాల్సిన పెద్ద ధమని
పాత సైకిల్ ట్యూబులా ఒకచోట బుడ్డ కట్టింది.
నొప్పేం లేదే, అన్నాను.
ఉండదు, అంది డాక్టర్ నెర్మీన్,
నొప్పి మొదలైతే టైముండదు.

ఐదున్నరకొస్తేనో, తొందరగా పెరిగితేనో
తొడ నరంలోంచి తొడుగు పంపి లోపల విప్పుతారట.
కుదరకుంటే పొట్ట కోసి కుడతారట.
అప్పటిదాకా బీపీ మాత్ర, ఆర్నెల్లకో కొలత.
ఆమె అడక్కముందే
సిగరెట్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాను.

తొడుగులు మేమూ వేస్తాం, లైను ఆపకుండా.
కానీ పైపు కాగితం మీద
ఎప్పుడు మార్చాలో సంవత్సరం రాస్తాం.

మీ ఇంట్లో ఎవరికైనా?
లేదనబోయాను.
మా నాయన ఓబులయ్య,
రాయచోటి బస్టాండులో చీనీకాయల గంప దించి
నడుము పట్టేసింది, వాయువురా, అని
సోడా తాగి
తేన్పు రాకముందే పక్కకి వాలిపోయాడు.
గుండె అన్నారు.
ముప్పై ఏళ్లు ఆ గుండె మీదే నింద వేశాం.
ఏమో. ఎవరూ కొలవలేదు.

పెంచలయ్యన్న జహ్రాలో నీళ్ల ట్యాంకరు తోలతాడు.
ఫోన్ చేశాను.
నొప్పి లేనిదానికి ఆస్పత్రేందిరా?
శుక్రవారం వస్తా, పరగడుపున ఉండు.
నీ పైపుల మిషను తెచ్చి నువ్వే చూడరాదూ,
అని నవ్వాడు.
నవ్వు దగ్గులోకి దిగింది.
అది ఆగేదాకా
ఫోను చెవినుంచి తియ్యలేదు.