తొమ్మిది చెక్కలు

కాలవలు కట్టేశాక
లాకుల దగ్గర లస్కరుకి పనేముంటుందండీ.
బురదలో తేలిన చెప్పులు లెక్కెట్టుకోవడం,
మెట్టు మీద కూర్చుని
ఆర్పిన బీడీ మళ్ళీ ముట్టించుకోవడం.

అలాంటి ఎండల్లో ఒకరోజు
అమలాపురం కాలేజీ బోటనీ ల్యాబులో
ముప్ఫయ్యేళ్ళు ఆకుల ఈనెలు గీసి రిటైరైన
కనకరత్నం గారు గొడుగేసుకొచ్చి
నా గేజీ రిజిస్టరు తిరగేశారు.
"వెనకాల పేజీలు ఖాళీయే కదా మావుళ్ళూ,
ఆ తలుపు బొమ్మ వేసి పెట్టు."

నవ్వొచ్చింది.
పంతొమ్మిదేళ్ళుగా తెరిచి మూస్తున్న తలుపు.
అటు తిరక్కుండానే గీసిచ్చాను:
ఆరు చెక్కలు, ఒక అడ్డపట్టీ, చుట్టూ మేకులు.
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని
"లెక్కెట్టు" అన్నారు.

తొమ్మిది.
తొమ్మిది చెక్కలండీ.
కింది మూడూ ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి మరి
అని నసిగాను.
"ఇప్పుడు లేవుగా."

రబ్బరు ఇవ్వరావిడ.
తప్పు గీత పక్కనే ఇంకోటి గీసుకోమంటారు,
"ఉండనీ, దానికేమన్నా అద్దె కట్టాలా?"
చెంబు మూతి గుండ్రమే కదా అని సున్నా చుట్టాను.
"నువ్వేమన్నా కాకివా, పైనుంచి చూడ్డానికి?"
కూర్చున్న చోటు నుంచి చూస్తే
ఎవరో రెండు వేళ్ళతో నొక్కిన గాజులా ఉంది.
చెంబులో లేదా సున్నా,
నా బుర్రలోంచి దిగింది.

కొబ్బరిమట్ట గీయబోతే
ఆకులొద్దు, సందుల్లో ఆకాశం గీయమన్నారు.
మూడు ఆదివారాలు ఆకాశం ముక్కలే.
మా సత్యవేణి నుదురు కొట్టుకుంది,
నాలుగో ఆదివారం తనూ ఒక పెన్సిలు చెక్కించుకుంది.
రొయ్యల కాటా పట్టే పల్లాలమ్మ వచ్చి
ఒక్క రొయ్యని గంటసేపు చూసి
"నలభయ్యేళ్ళు అమ్మేనే, దీనికిన్ని కాళ్ళా!"
అని పడీపడీ నవ్వింది.
లైన్‌మేన్ జోగేశ్వర్రావు రెండు వారాలే వచ్చాడు.
సెల్లులో ఫోటో తీస్తే పోయేదానికి, అన్నాడు.
నిజమే, సెకన్లో వచ్చేస్తుంది.
ఆ సెకను తర్వాత తలుపు వంక ఎవడు చూస్తాడండీ.

మొన్న కోటిపల్లి రేవులో
పంటు కోసం నిలబడ్డాను.
అవతలి మెట్ల మీద మా అన్న.
హద్దు మీది నాలుగు కొబ్బరిచెట్ల దగ్గర
మాటలాగిపోయి పదకొండేళ్ళు.
ముఖం తిప్పుకుందామనే అనుకున్నా,
చెయ్యి అప్పటికే జేబులో పెన్సిలు ముక్కని దొరకబుచ్చుకుంది.
టిక్కెట్టు వెనకాల మొదలెట్టాను.
మనిషిని గీసేటప్పుడు ముందు తల కాదు,
బరువెక్కడుందో చూడాలి.
బరువంతా ఎడంకాలి మీదే.
కుడి మడమ నేలకి ఆనీ ఆనకుండా,
చెప్పు పట్టీ కోసేసి, వేలికి గుడ్డ చుట్టి.
ఎండలో నిలబడి కూడా గొడుగు విప్పలేదు,
దాని మీదే వాలి ఉన్నాడు.
నా బుర్రలో అన్నకి మీసాలున్నాయి, గొంతు పెద్దది,
పొద్దస్తమానం టేపు పట్టుకుని హద్దు కొలుస్తుంటాడు.
టిక్కెట్టు మీద వాడు లేడు.

పంటెక్కాం, ఆ చివర తను, ఈ చివర నేను.
మాట్లాడలేదండీ, అబద్ధమెందుకు.
దిగేచోట పలక వాలుగా ఉంటుంది,
కుడికాలు తడబడుతుందని తెలిసిపోయి
ఆ పక్కకెళ్ళి నిలబడ్డాను.
చెయ్యి పట్టుకోలేదు.
పట్టుకునేంత దగ్గర్లో ఉన్నాను.

జూన్‌లో నీళ్ళొదిలారు.
గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తలుపుకి ఆనుకుంది.
ఏఈ గారు జీపు దిగి రిజిస్టరు తిరగేస్తూ
వెనక పేజీల దగ్గర ఆగారు.
"ఏం తలుపయ్యా ఇది?"
"ఇదేనండీ, మన తలుపే."
ఆయన కాలవ వైపు ఓసారి చూసి
"దీనికి ఆరేగా చెక్కలు" అన్నారు.