గోడ చెమట

గెడ్డ ఇంట్లోకి వచ్చి
నాలుగు గంటలు కూర్చుని వెళ్ళిపోయింది.
పోతూ పోతూ మోకాలి ఎత్తున గోడ చుట్టూ
ఒక గీత గీసింది,
బ్లౌజు గుడ్డ మీద నా సుద్దముక్క గీసినంత తిన్నగా.

జ్ఞానాపురంలో నీళ్ళు రావడం కొత్త కాదు.
పోవడమే ఎప్పుడూ పూర్తిగా జరగదు.
బకెట్లతో తోడి, ఫినాయిలు పోసి కడిగి
హమ్మయ్య అని కూలబడ్డాక
పెయింటర్ పరదేశి గుమ్మంలో నిలబడ్డాడు.
ముందు ముక్కుతో చూశాడు, తర్వాత కళ్ళతో.
"నీళ్ళు పోనాయని సంబరపడిపోకు అక్కా.
గోడ తాగింది గోడలోనే ఉంది.
రెండ్రోజులే టైము. మూడోనాటికి లేస్తాది."

ఏది లేస్తుందని అడగలేదు.
పోయిన తుపానుకి బీరువా వెనక
నల్లటి చుక్కలు పొడిచాయి.
మేం చూసేసరికే
చిన్నదానికి మూడు నెలల దగ్గు.

స్విచ్చుబోర్డు ఆరేదాకా ముట్టుకోవద్దన్నాడు.
మేడ మీది సన్యాసమ్మ ఇంటినుంచి వైరు దించి
టేబుల్ ఫ్యాను నేల మీద పెట్టాం,
గోడ పాదాలకి గాలి తగిలేలా.
బీరువా గోడకి జానెడు ఎడంగా జరిగింది.
పరుపుని ఎండలో వేస్తే ఆరదా అన్నాను.
"పైన ఆరతాది. కడుపులో ఆరదు,"
మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు.
పన్నెండేళ్ళ దూది పరుపు
మున్సిపాలిటీ బండి ఎక్కుతూ
దారంతా కారుతూ పోయింది.

మధ్యాహ్నం పడమటి గాలి తిరిగితే
కిటికీలు తెరవాలి.
పొద్దు వాలి సముద్రపు గాలి ఎక్కితే మూయాలి.
ఈ ఊళ్ళో గాలి కూడా ఉప్పునీళ్ళు మోసుకొస్తుంది మరి.
తెరిచి, మూసి, తెరిచి, మూసి
ఇంటికి ఊపిరి తీయడం నేర్పుతున్నట్టు
వారం గడిచింది.

అన్నట్టే, మూడోనాడు
కుట్టుమిషను పెట్టె అడుగున బూడిదరంగు నూగు.
పుట్టిన పిల్ల నెత్తి మీద జుట్టంత మెత్తగా.
చీపురు ఎత్తానో లేదో, కేక:
"దులపకు! దులిపితే ఇల్లంతా విత్తనాలు జల్లినట్టే.
మూతికి గుడ్డ కట్టు, తడిగుడ్డతో తుడు,
ఆ గుడ్డ పారెయ్."
అటక మీది బూజుని దులుపుతాం,
ఈ బూజుని దులపకూడదు.
పేరు ఒకటే పెట్టిన వాళ్ళెవరో గానీ
వాళ్ళ ఇల్లు ఎప్పుడూ మునిగి ఉండదు.

కొలతల పుస్తకం మాత్రం పారేయమనలేదతను.
పేజీకో పాత పేపరు పరిచి
ఇస్త్రీపెట్టె ఆనించుకుంటూ కూర్చున్నాను.
ఎలిజబెత్తమ్మగారి భుజం పూర్తిగా పోయింది.
నర్సు రోజ్‌లిన్ నడుము నీలంగా కారి
రైల్వే క్వార్టర్ల పైడమ్మ చంకలో కలిసింది.
వీధిలో ఆడాళ్ళందరూ
ఒకరిలోకి ఒకరు ఊరిపోయారు.
మళ్ళీ టేపు పట్టుకుని పిలవాలి అందర్నీ.
కొందరు చిక్కిపోయి ఉంటారు, ఈ వారంలోనే.

పదోరోజు ఓనరు త్రినాథరావుగారు
గులాబీరంగు డబ్బా పట్టుకుని వచ్చారు.
"రెండు కోట్లు కొట్టేయ్, క్రిస్మస్‌కి మెరిసిపోవాలి."
పరదేశి డబ్బా వైపు చూడను కూడా లేదు.
"తడిగోడకి రంగేత్తే
పీనుగకి పౌడరు రాసినట్టే బాబూ."
చేతికందిన కూలి వదులుకుని
ఉలి తీసి, గీతకి మూరెడు పైదాకా
ఉబ్బిన సిమెంటు రాలగొట్టాడు.
లోపల ఇటుకలు
చిగుళ్ళలా ఎర్రగా, చెమ్మగా.

తర్వాత నా దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు అడిగాడు,
కుట్టిన బ్లౌజులు పెట్టి ఇచ్చేది.
ఇటుకల మీద పరిచి నాలుగువైపులా టేపు వేశాడు.
"పొద్దున్నే సూడు.
లోపల చెమట పట్టిందంటే ఇంకా ఆరలేదు."

పొద్దున్నే చూస్తాను, టీ పెట్టుకోకముందే.
కవరు లోపల సన్నటి ముత్యాలు.
నాలాగే అది కూడా
ఎవరూ చూడనప్పుడు చెమటోడుస్తుంది.

ఇరవై మూడో రోజు కవరు పొడిగా ఉంది.
వేలితో తడిమి వాసన చూశాను.
ఇటుక. ఉత్త ఇటుక.
ఫోను చేస్తే నవ్వాడు.
"ఒక్కరోజు మాట నమ్మకు అక్కా.
మూడు పొద్దులు సూడు."

ఇవాళ రెండోది.
డాల్ఫిన్ కొండ మీద మబ్బు దిగింది.
టేపు ఒక మూల ఊడితే
కొత్తది తెంపి వేశాను.